రోజూ నడుముకు పెట్టుకునే పిస్టల్: ఏది కొనాలి, ఎలా తేల్చుకోవాలి

(టెక్సస్‌లో ఉంటున్న తెలుగువారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఏ గన్ కొనాలన్నది తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఎవరు కొనొచ్చు, ఎవరు ముట్టుకోకూడదు అన్నది తేలాలి. మనవాళ్ళలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఈ దేశంలోకి వచ్చినవాళ్ళు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి, కానీ లాయర్‌ని అడగకుండా వాటిని నమ్ముకోకండి. వీకెండ్‌లో స్నేహితులతో షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి, అద్దె గన్‌తో నాలుగు రౌండ్లు కాల్చినా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. గ్రీన్ కార్డ్‌కి అప్లై చేశాం, ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) చేతికొచ్చింది అన్నంత మాత్రాన ఈ నిషేధం పోదు. గ్రీన్ కార్డ్ చేతికి వచ్చినవాళ్ళు, సిటిజన్లు కొనుక్కోవచ్చు. డీలర్ దగ్గర హ్యాండ్‌గన్ కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి. షాపులో 4473 అనే ఫారం నింపిస్తారు. అందులో వీసా గురించీ, గంజాయి వాడకం గురించీ ప్రశ్నలు ఉంటాయి. అబద్ధం రాస్తే అది ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. తుపాకీ కేసు మీద పడితే గ్రీన్ కార్డ్ కూడా ఊడిపోయే ప్రమాదం ఉంది. భర్త సిటిజన్, భార్య ఇంకా హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్న ఇళ్ళలో అయితే గన్ పెట్టిన సేఫ్ కోడ్ ఆవిడకు తెలియకుండా ఉండటమే మంచిది. అలాంటి ఇంట్లో గన్ తెచ్చుకునే ముందే లాయర్‌ని కలవండి.

ఇక అసలు విషయం. షాపులోకి వెళ్ళగానే మనవాళ్ళు అడిగే మొదటి మాట, "మీ దగ్గర ఉన్నవాటిలో బాగా చిన్నది చూపించండి" అని. కౌంటర్ మీద చిన్న గన్ ముద్దుగా ఉంటుంది, జేబులో ఇట్టే పడుతుంది. కాల్చేటప్పుడు మాత్రం అది చుక్కలు చూపిస్తుంది. గన్ బరువు తగ్గేకొద్దీ చేతికి తగిలే దెబ్బ పెరుగుతుంది. పిడి పొట్టిగా ఉంటే చిటికెన వేలు గాల్లో ఉంటుంది, పట్టు సగమే దొరుకుతుంది. గొట్టం పొట్టిగా ఉంటే ముందు సైటు, వెనక సైటు దగ్గర దగ్గరగా ఉంటాయి, గురిలో వెంట్రుకవాసి తేడా కూడా టార్గెట్ మీద పెద్ద తేడాగా కనబడుతుంది. అంటే అన్నింటికన్నా చిన్న గన్ అన్నింటికన్నా కష్టమైన గన్. బాగా అనుభవం ఉన్నవాళ్ళు రెండో గన్‌గా పెట్టుకునేదాన్ని కొత్తవాళ్ళు మొదటి గన్‌గా కొంటున్నారు.

కొలతలతో చూద్దాం. .380, 9 ఎంఎం అన్నవి తూటా సైజులు. రూగర్ ఎల్‌సీపీ .380 పిస్టల్ 10 ఔన్సులు కూడా తూగదు, దాదాపు 270 గ్రాములు. సిగ్ పీ365, 2018లో వచ్చింది, 9 ఎంఎం, గొట్టం 3.1 అంగుళాలు, బరువు 18 ఔన్సుల లోపు, మ్యాగజైన్‌లో 10 తూటాలు. అంత చిన్న ఒంట్లో 10 తూటాలు ఇమిడ్చారని అప్పట్లో పెద్ద సంచలనం. గ్లాక్ 43ఎక్స్ కూడా 10 తూటాలదే, బరువు దానికి కాస్త అటూ ఇటూ, గొట్టం 3.4 అంగుళాలు, పిడి మాత్రం పూర్తి పొడవు ఉంటుంది. గ్లాక్ 19 గొట్టం 4 అంగుళాలు, 15 తూటాలు, ఖాళీగా దాదాపు 670 గ్రాములు, నింపితే ముప్పావు కిలో దాటుతుంది. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళలో ఎక్కువమందికి సరిపడేది పీ365ఎక్స్ఎల్, 43ఎక్స్, స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ప్లస్ ఉన్న ఈ మధ్య సైజులోనే దొరుకుతుంది. పెద్ద చేతులు, గట్టి ఒళ్ళు ఉన్నవాళ్ళకు గ్లాక్ 19 కూడా సులువుగానే దాగుతుంది.

దాచుకోవడం అనగానే అందరూ గొట్టం పొడవు చూస్తారు. చొక్కా కింద నుంచి బయటపడేది గొట్టం కాదండీ, పిడి. గొట్టం ప్యాంటు లోపలికి పోతుంది, దాని పొడవు ఎవరికీ కనబడదు. పైగా ముందు భాగంలో పెట్టుకున్నప్పుడు గొట్టం కాస్త పొడవుంటేనే మేలు, అది కింద ఒంటికి ఆనుకుని పిడిని పొట్ట వైపు నెడుతుంది. మరీ పొట్టి గొట్టం గన్ అయితే పై బరువు ఎక్కువై పిడి బయటికి వాలుతుంది. ఒంగినప్పుడు చొక్కా మీద కోసుగా పొడుచుకొచ్చేది ఆ పిడి అడుగు మూలే. అందుకని గొట్టం అర అంగుళం తగ్గించుకోవడానికి తంటాలు పడకండి. పిడి ఎంత పొడవుండాలో చెయ్యీ ఒళ్ళూ కలిసి చెబుతాయి.

చెయ్యి ఎలా చెబుతుందో చూడండి. చెప్పులు కొనేటప్పుడు పాదం పెట్టి చూడకుండా డబ్బులు ఇవ్వం కదా, ఇదీ అంతే. కౌంటర్ దగ్గర ముందు సేల్స్‌మన్ చేత మ్యాగజైన్ తీయించి, స్లయిడ్ (గన్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగించి, ఛాంబర్ (పేలబోయే తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కళ్ళతో చూసి, వేలితో కూడా తడిమి చూసుకోండి. ఆయన చూసి ఇచ్చాడు కదా అని మీరు చూడకుండా ఊరుకోవద్దు. గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పి పట్టుకోండి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే చర్మం పిడి వెనక భాగంలో ఎంత పైకి వెళ్ళగలదో అంత పైకి వెళ్ళాలి. అలా పట్టుకున్నాక గొట్టం ముంజేతికి తిన్నగా, ఒకే గీతలో ఉండాలి. ఇప్పుడు సేల్స్‌మన్‌ని అడిగి ట్రిగ్గర్ మీద వేలు పెట్టండి. చూపుడు వేలి చివరి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మధ్యలో పడాలి. వేలి కొస మాత్రమే అందితే ఆ గన్ మీ చేతికి పెద్దది, నొక్కినప్పుడల్లా గన్ పక్కకు లాగుతుంది. కణుపు దాటి వేలు లోపలికి దూరిపోతే ఆ గన్ చిన్నది. చేతిని తిప్పి, సర్దుకుని అందేలా చేసుకుంటే ఇక్కడ సరిపోయినట్టే అనిపిస్తుంది, రేంజ్‌లో బయటపడుతుంది.

తర్వాత స్లయిడ్. ఆడవాళ్ళు, కీళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు "ఇది మా వల్ల కాదు" అనేది ఇక్కడే. చాలాసార్లు అది బలం సమస్య కాదు, పద్ధతి సమస్య. రెండు వేళ్ళతో వెనక చివర గిల్లి లాగితే ఎవరికైనా కష్టమే. గన్‌ని ఛాతీకి దగ్గరగా తెచ్చి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఎడమ అరచేతిని స్లయిడ్ మీద బోర్లించి పిడికిలిగా బిగించండి. ఎడమ చేతిని కదలకుండా ఉంచి, కుడి చేత్తో గన్‌ని ముందుకు తొయ్యండి. చివరికి చేరాక టక్కున వదిలేయాలి. మెల్లగా చేత్తో పట్టి ముందుకు దించితే తూటా సరిగ్గా లోపలికి వెళ్ళదు. ఈ పద్ధతిలో కూడా కుదరకపోతే స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ఈజెడ్ చూడండి. .380లో 2018లో, 9 ఎంఎంలో 2020లో వచ్చింది. స్ప్రింగు మెత్తగా ఉంటుంది, మ్యాగజైన్‌లో తూటాలు నింపడం కూడా సులువు.

ఇలాంటివాళ్ళకు షాపువాళ్ళు చిన్న రివాల్వర్ అంటగట్టడం మామూలైపోయింది, స్మిత్ అండ్ వెస్సన్ 642 లాంటిది. అయిదు తూటాలు, .38 స్పెషల్, 15 ఔన్సుల బరువు. స్లయిడ్ లాగే పని లేదు, జేబులోంచి తీసేటప్పుడు బట్టకు తట్టుకునే హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) బయటికి లేదు, నిజమే. కానీ ప్రతి గుండుకీ దాదాపు 12 పౌన్ల ట్రిగ్గర్ చివరిదాకా లాగాలి. స్లయిడ్ లాగలేని చేతికి వరసగా అయిదుసార్లు ఆ ట్రిగ్గర్ లాగడం ఇంకా కష్టం. దానికి తోడు ఆ తక్కువ బరువులో .38 దెబ్బ చాలా గట్టిగా తగులుతుంది. రివాల్వర్ చెడ్డదని అనడం లేదు. సాధన చేసినవాళ్ళ చేతిలో, జేబు హోల్‌స్టర్‌లో (గన్ పెట్టుకునే ఒరలో) అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఏడు గజాల్లో కాల్చి చూడకుండా అమ్మకో అత్తగారికో కొనిపెట్టకండి, అంతే.

కళ్ళ సంగతి కూడా ఉంది. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్ళకు ముందు సైటు మసకగా కనబడుతుంది. అద్దాలు పెట్టుకునే టైమ్ ఎప్పుడూ ఉంటుందని అనుకోలేం. అలాంటివాళ్ళు స్లయిడ్ మీద రెడ్ డాట్ (చిన్న అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైటు) బిగించే వీలున్న మోడల్ తీసుకోండి. చుక్కా టార్గెట్టూ ఒకే దూరంలో ఉన్నట్టు కనబడతాయి కాబట్టి చూపు టార్గెట్ మీదే ఉంచొచ్చు. కాకపోతే గన్ పైకెత్తగానే చుక్క కనబడేలా చెయ్యి అలవాటు పడటానికి కొన్ని వారాల డ్రై ప్రాక్టీస్ (ఖాళీ గన్‌తో చేసే సాధన) పడుతుంది.

కాలిబర్ (తూటా సైజు) మీద వాదనలతో పొద్దుపుచ్చేవాళ్ళు ఎక్కువ, అంత అవసరం లేదు. 9 ఎంఎం తీసుకోండి. 2014లో ఎఫ్‌బీఐ ట్రైనింగ్ విభాగం .40 నుంచి మళ్ళీ 9 ఎంఎంకే వెళ్ళాలని తేల్చింది. ఇప్పటి హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉండి, తగలగానే విచ్చుకునే) తూటాలతో గాయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, దెబ్బ తక్కువ, తూటాలు ఎక్కువ పడతాయి, గురి త్వరగా కుదురుతుంది అన్నవి కారణాలు. ఎఫ్‌బీఐ ప్రమాణం ప్రకారం మంచి తూటా జెలటిన్ దిమ్మలో 12 అంగుళాలకు తగ్గకుండా, 18 దాటకుండా ఆగాలి. ప్రాక్టీసుకు వాడే చవక రకం ఎఫ్ఎంజే (లోహపు తొడుగు ఉండి, విచ్చుకోని) తూటా అంతకన్నా లోతుకు దూసుకుపోతుంది. అపార్ట్‌మెంట్ గోడ అవతల ఉన్నవాళ్ళకు అది ప్రమాదం. అందుకని ప్రాక్టీసుకు ఎఫ్ఎంజే, నడుముకు ఫెడరల్ హెచ్ఎస్‌టీ, స్పీర్ గోల్డ్ డాట్ లాంటి హాలో పాయింట్.

ఇప్పటిదాకా చెప్పినదాంతో రెండు మూడు గన్‌లు మిగులుతాయి. వాటిలో ఏది కొనాలన్నది రేంజ్‌లో తేలాలి. అద్దెకు ఇచ్చే రేంజ్‌కి వెళ్ళి ఆ మూడూ ఒకే రోజు, ఒకే రకం తూటాలతో కాల్చండి. ఆరు అంగుళాల కాగితం చక్రం ఏడు గజాల దూరంలో పెట్టి, మొదట తీరిగ్గా అయిదు, తర్వాత అయిదు సెకన్లలో అయిదు. ఎన్ని లోపల పడ్డాయో కాగితం మీదే గన్ పేరు రాసి ఉంచండి. మూడోసారి కాల్చేసరికి చెయ్యి అలిసిపోయి ఉంటుంది, కాబట్టి మొదట కాల్చినదాన్ని చివర్లో మళ్ళీ కాల్చండి. తీరిగ్గా కాల్చినప్పుడు మూడూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా ఆ అయిదు సెకన్ల కాగితం మీద కనబడుతుంది. యాభై రౌండ్లు కాల్చాక ఇక చాలు అనిపించే గన్‌తో మీరు ప్రాక్టీస్ చెయ్యరు, దాన్ని అక్కడే వదిలేయండి.

కొన్నాక వెంటనే నడుముకు పెట్టుకోవద్దు. ఎఫ్ఎంజే 200, మీరు ఎంచుకున్న హాలో పాయింట్ కనీసం 50, మీ దగ్గరున్న అన్ని మ్యాగజైన్లతో కాల్చండి. మ్యాగజైన్ల అడుగున మార్కర్‌తో 1, 2, 3 అని నంబర్లు వేసుకోండి. ఇరుక్కోవడం ఎప్పుడూ రెండో నంబరుతోనే వస్తుంటే తప్పు గన్‌ది కాదు, మ్యాగజైన్‌ది. ఏ మ్యాగజైన్‌తోనైనా ఖాళీ గుల్ల నిలువుగా ఇరుక్కుంటుంటే ముందు మీ మణికట్టు చూసుకోండి. మణికట్టు వదులుగా ఉంటే గన్ మొత్తం వెనక్కి ఊగిపోతుంది, స్లయిడ్ చివరిదాకా వెళ్ళదు. చిన్న తేలిక గన్‌లలో ఇది మరీ ఎక్కువ. చివరి తూటా అయ్యాక స్లయిడ్ వెనక ఆగకపోతే మీ బొటనవేలు స్లయిడ్ స్టాప్ మీద కూర్చుని ఉంటుంది. ఇరుక్కుంటే మ్యాగజైన్ అడుగున అరచేత్తో గట్టిగా చరచండి, స్లయిడ్ పూర్తిగా లాగి వదలండి, మళ్ళీ గురి చూడండి. మీ పట్టు బాగున్నా కొత్త మ్యాగజైన్‌తో కూడా అదే జరుగుతుంటే గన్‌ని కంపెనీకి పంపండి.

హోల్‌స్టర్ దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు. అన్ని గన్‌లకీ సరిపోతుందని అమ్మే మెత్తటి గుడ్డ సంచి వద్దు. మీ మోడల్‌కే పోసిన కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్ ఉండాలి. ట్రిగ్గర్ గార్డ్ పూర్తిగా మూసుకుని, పైనుంచి వేలితో నొక్కినా ట్రిగ్గర్ కదలకూడదు. పాతబడిన తోలు హోల్‌స్టర్ నోరు మడతపడి ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరి గన్ పేలిన ప్రమాదాలు ఉన్నాయి. జాకెట్ తాడు, చొక్కా అంచు, పైజామా నాడా, ఏది దూరినా అంతే. అందుకని గన్‌ని హోల్‌స్టర్‌లోకి తిరిగి పెట్టేటప్పుడు తొందర వద్దు. చొక్కా ఎత్తి పట్టి, కళ్ళతో చూస్తూ, వేలు తిన్నగా గన్ పక్కకు ఆనించి, మెల్లగా. ముందు భాగంలో పెట్టుకునేవాళ్ళు హోల్‌స్టర్ బయటికి తీసి, అందులో గన్ పెట్టి, రెండూ కలిపి ప్యాంటులోకి దించుకోవడం ఇంకా క్షేమం.

నడుము చుట్టూ గడియారం ఉన్నట్టు, బొడ్డు దగ్గర 12 గంటలు, కుడి తుంటి దగ్గర 3 అనుకోండి. సన్నగా ఉన్నవాళ్ళకు 1 గంట దగ్గర బాగా దాగుతుంది. పొట్ట ఉన్నవాళ్ళకు కూర్చుంటే అక్కడ గుచ్చుకుంటుంది, 3 నుంచి 4 మధ్య పెట్టుకోవాలి. హోల్‌స్టర్‌కి పక్కన ఉండే చిన్న రెక్క బెల్టుకు ఆని పిడిని లోపలికి తిప్పుతుంది. అడుగున అతికించే నురుగు దిండు గొట్టాన్ని బయటికి, పిడిని లోపలికి నెడుతుంది. ఈ రెండింటితో చొక్కా మీద కనబడే ఉబ్బు చాలావరకు పోతుంది. బెల్టు ఒకటిన్నర అంగుళాల వెడల్పుతో, వంగకుండా బిగువుగా ఉండాలి. మామూలు ఆఫీసు బెల్టు వారం తిరిగేసరికి వాలిపోతుంది. కుర్తా లెగ్గింగ్స్ వేసుకునే ఆడవాళ్ళకు బెల్టు పెట్టే చోటే ఉండదు, వాళ్ళకు బెల్లీ బ్యాండ్ (నడుముకు చుట్టుకునే సాగే పట్టీ) ఒక దారి. అందులో కూడా ట్రిగ్గర్ దగ్గర గట్టి కైడెక్స్ గుల్ల ఉన్నదే తీసుకోవాలి, ఒట్టి సాగే గుడ్డ పనికిరాదు. హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టడం మాత్రం వద్దు. బ్యాగ్ పోతే గన్ పోతుంది, బ్యాగ్ సోఫా మీద పెడితే పిల్లల చేతికి వెళ్తుంది.

హోల్‌స్టర్ కుదిరిందో లేదో చూడాలంటే ఖాళీ గన్‌తో ఇంట్లో రోజంతా తిరగండి. కారెక్కి దిగినట్టు కూర్చుని లేవండి, నేలమీద బాసింపట్టు వేయండి, కింద పడినదాన్ని ఒంగి తీయండి, పై అల్మరాలో డబ్బా అందుకోండి. అమెరికన్ రివ్యూల్లో నేలమీద కూర్చోవడం గురించి ఎవరూ చెప్పరు, మనం పూజకీ భోజనానికీ కూర్చుంటాం. బాసింపట్టు వేసినప్పుడు తొడ లేచి హోల్‌స్టర్ అడుగుని పైకి తంతుంది. అలాంటప్పుడు క్లిప్పును ఒక రంధ్రం మార్చి హోల్‌స్టర్‌ని కాస్త పైకి ఎత్తుకోవాలి.

పూజ అన్నాం కాబట్టి గుళ్ళలాంటి చోట్లకు తీసుకెళ్ళే విషయంలో చట్టం సంగతి. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 నిండి, చట్టపరంగా అడ్డు లేనివాళ్ళు లైసెన్స్ లేకుండా కూడా హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చు. అయినా ఎల్‌టీసీ (గన్ పెట్టుకుని తిరగడానికి టెక్సస్ ఇచ్చే లైసెన్స్) తీసుకోండి. స్కూలుకు 1000 అడుగుల లోపు లోడ్ చేసిన గన్‌తో వెళ్ళడం ఫెడరల్ నేరం, రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకు మినహాయింపు. పిల్లల్ని స్కూల్లో దింపే దారిలో అది ఎంత అవసరమో మీకే తెలుసు. ఎల్‌టీసీకి నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, తర్వాత 50 రౌండ్ల పరీక్ష: 3 గజాల్లో 20, 7 గజాల్లో 20, 15 గజాల్లో 10. 250కి 175 వస్తే పాస్. గుళ్ళూ చర్చిలూ ప్రైవేటు స్థలాలు. తలుపు దగ్గర గన్ తేవద్దని చెప్పే 30.05, 30.06, 30.07 బోర్డులు ఉన్నాయేమో చూసుకోవాలి. లోపలికి తేవద్దని కమిటీవాళ్ళు నోటితో చెప్పినా పాటించాలి. ఎర్ర అక్షరాల 51% బోర్డు ఉన్న బార్‌లోకి అసలు తీసుకెళ్ళకూడదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ టెక్సస్ లైసెన్స్‌ని గుర్తించవు, బంధువుల ఇంటికి వెళ్తుంటే గన్ ఇంట్లోనే పెట్టి వెళ్ళండి.

గన్ తీసి లోపలికి వెళ్ళాల్సిన చోట్లు ఉంటాయి, అప్పుడు కారులో వదలాలి. గ్లవ్ బాక్స్ తాళం దొంగకు లెక్కే కాదు. సీటు ఫ్రేముకు ఉక్కు తీగతో కట్టిన చిన్న లాక్ బాక్స్ కొనండి, గన్‌ని హోల్‌స్టర్‌తో సహా అందులో పెట్టండి. ఇంట్లో రాత్రి ఒంటి మీద నుంచి తీయగానే లాక్ బాక్స్‌లోకే వెళ్ళాలి. పరుపు కింద, బీరువా పైన పెడితే పిల్లలకు తెలియకుండా ఉంటుందనుకోవడం భ్రమ. పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన గన్ వదిలేయడం టెక్సస్‌లో నేరం కూడా.

రోజూ రాత్రి అన్‌లోడ్ చేసి, పొద్దున మళ్ళీ అదే తూటాని ఛాంబర్‌లోకి ఎక్కించే అలవాటు కొందరికి ఉంటుంది. అలా ఎక్కించిన ప్రతిసారీ తూటా ముక్కు లోపలి వాలుకు గుద్దుకుంటుంది. పదే పదే గుద్దుకుంటే సీసపు ముక్కు ఇత్తడి గుల్లలోకి కొద్దిగా దిగబడుతుంది. లోపల ఖాళీ తగ్గి, పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆ తూటాని డబ్బాలోని కొత్త తూటా పక్కన బల్లమీద నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే రేంజ్‌లో కూడా కాల్చవద్దు, పడేయడానికి రేంజ్‌వాళ్ళకు ఇచ్చేయండి. అసలు మార్గం, గన్‌ని లోడ్ చేసే ఉంచి, హోల్‌స్టర్‌తో సహా తాళం వేసేయడం. ఈ ఎండల్లో చెమటకు మ్యాగజైన్ మీద, సైట్ల మీద తుప్పు పడుతుంది, బట్టల పీచు లోపల చేరుతుంది. వారానికోసారి అన్‌లోడ్ చేసి, పొడిగుడ్డతో తుడిచి, మాన్యువల్లో చూపించిన చోట ఒక్కొక్క చుక్క నూనె వేయండి.

ఇంకొక్కటి, ఇండియా ప్రయాణం గురించి. రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగ్ వేరేగా ఉంచుకోండి, ఇంకే పనికీ వాడొద్దు. బ్యాగ్ అరలో మర్చిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనబడితే ఇండియాలో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. మర్చిపోయానన్నా అక్కడికక్కడే వదిలేస్తారన్న నమ్మకం లేదు, విమానం తప్పిపోతుంది, తర్వాత కోర్టు చుట్టూ తిరగాలి. రేంజ్‌లో వేసుకునే జాకెట్ జేబులు, ప్యాంటు జేబులు కూడా సూట్‌కేస్‌లో సర్దే ముందు తిరగేసి దులపండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.